అలంకారానికో గిన్నె

నవంబర్ 4, సోమవారం. ఉదయం

కొత్త డైరీ. కొత్త పెన్ను. ఈ రోజు నుంచి నేను కొత్త మనిషిని!

నిర్ణయం: ఉన్నది ఉన్నట్టు మాట్లాడాలి. పెంచకూడదు, పోల్చకూడదు, తిప్పకూడదు. అన్నం వేడిగా ఉంటే వేడిగా ఉందనాలి. నోరు కాలి బొగ్గయిందని అనకూడదు.

కారణం కూడా రాసి పెట్టుకోవాలి, లేకపోతే వారం తిరిగేసరికి మర్చిపోతాను. నేను పరుపుల షాపులో సేల్స్‌మన్‌ని. మొన్న శనివారం గోడౌన్‌లో సరుకు సర్దుతుంటే దొంతర ఒరిగి ఎనిమిది డబుల్ బెడ్ పరుపులు నా మీద పడ్డాయి. కుడిచెయ్యి, తల బయట ఉన్నాయి. మిగతా నేను లోపల. ఆ చేతిలో ఫోను ఉండటం నా అదృష్టం. మా ఆవిడకి చేసి అరిచాను.

"చచ్చిపోతున్నానే! కొండ విరిగి మీద పడింది! తొందరగా రా!"

"సరేలెండి. వచ్చేటప్పుడు పాల పాకెట్ తీసుకురండి" అని పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

రెండు గంటల తరవాత ఓనరు భోజనం చేసి, కునుకు తీసి, వచ్చి లాగాడు. పక్కటెముకలు ఇప్పటికీ నొప్పి. ఇంటికొచ్చి నిలదీస్తే మా ఆవిడ నింపాదిగా చెప్పింది.

"సోమవారం మీరు బస్సు కోసం నిలబడి చచ్చిపోయారు. మంగళవారం ఆకలికి. గురువారం మీ ఓనరు మీ ప్రాణం తోడేశాడు. శుక్రవారం ఎవరో జోకేస్తే నవ్వలేక చచ్చారు. శనివారం చావు నిజమైందని నాకెలా తెలుస్తుందండీ?"

ఆమె రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. చక్కెర ఎంతుంటే అంతే రాస్తుంది. మాట కూడా అంతే. నా మాటకి మా ఇంట్లో పాల పాకెట్ విలువ కూడా లేదని ఆ రోజు తెలిసింది. ఆమె నా మాట నమ్మాలి. నేను రమ్మంటే రావాలి. అంతకంటే ఇంకేమీ వద్దు.

మా అమ్మాయి పదో తరగతి. ఇంగ్లిష్ పరీక్ష కోసం ఫ్రిజ్ తలుపుకి అలంకారాల చార్టు అంటించింది. సిమిలీ, మెటఫర్, హైపర్బొలీ, పర్సనిఫికేషన్, ఐరనీ, యూఫెమిజం, ఆక్సిమోరాన్, లైటోటీస్, రెటారికల్ క్వశ్చన్... తెల్లవాళ్ళు అతిశయోక్తికి కూడా పేరు పెట్టి పరీక్షలో ఇస్తారట! అది చూసి నన్ను చూసింది. "నాన్నా, నాకు ఉదాహరణలు వెతుక్కునే పని లేదు" అంది.

తనే అంపైరు. రూలు: నోట ఒక అలంకారం వస్తే రాత్రి ఒక గిన్నె తోమాలి. డైరీ కూడా లెక్కే, రోజూ చూపించాలి, ఎర్ర పెన్నుతో దిద్దుతుంది.

అలంకారాలు లేకుండా బతకడం ఎంతసేపు? వెన్నతో పెట్టిన విద్య!

ఎర్ర పెన్ను: "కొత్త మనిషిని" హైపర్బొలీ. "పాల పాకెట్ విలువ" సిమిలీకి చుట్టం. "ఎంతసేపు?" రెటారికల్ క్వశ్చన్, జవాబు అక్కర్లేని ప్రశ్న. "వెన్నతో పెట్టిన విద్య" నీకు ఎవరూ పెట్టలేదు. మొత్తం నాలుగు గిన్నెలు.

నవంబర్ 5

షాపు. కొత్తగా కాపురం పెట్టబోయే జంట వచ్చారు. మా పద్ధతి ప్రకారం బూట్లు, చెప్పులు విప్పించి, పరుపు మీద పడుకోబెట్టి, "అయిదు నిమిషాలు మాట్లాడకండి" అన్నాను. మేము కూడా పరుపుల మీద కూర్చునే చూపించాలి కాబట్టి షాపులో మేమూ బూట్లు విప్పే తిరుగుతాం.

మామూలుగా అయితే ఈ సమయంలో నేను అందుకుంటాను. ఈ పరుపు మీద పడుకున్నవాణ్ణి లేపడానికి అలారం కూడా మొహమాటపడుతుందండీ, అని. ఈ రోజు అనలేదు.

"ఎలా ఉంటుందండీ ఇది?" అన్నాడు అబ్బాయి.

"స్పాంజి. పైన గుడ్డ. నాలుగేళ్ళు బాగుంటుంది. అయిదో ఏడు మధ్యలో గుంట పడుతుంది."

"గుంట పడితే?"

"ఇద్దరూ అందులోకి దొర్లుతారు."

అమ్మాయి సిగ్గుపడింది. అబ్బాయి లేచి బూట్లు వేసుకున్నాడు. వెళ్ళిపోయారు. ఓనరు కౌంటర్ దగ్గర నుంచి చూశాడు. కాలిక్యులేటర్ తీసి, మళ్ళీ లోపల పెట్టాడు.

అయినా సంతోషంగా ఉంది. అబద్ధం ఆడలేదు. మా ఆవిడకి చెప్తే, "మంచిది" అంది. ఆమె దగ్గర మంచిది అనిపించుకోవడం మామూలు విషయం కాదు.

ఎర్ర పెన్ను: "మామూలు విషయం కాదు" లైటోటీస్. కాదు అంటూ గొప్ప చెప్పుకోవడం. ఒక గిన్నె. మంచి ఉదాహరణ నాన్నా, నోట్స్‌లో రాసుకున్నా.

నవంబర్ 7

అన్యాయం! పొద్దున్న "నోరు జారింది" అన్నాను. గిన్నె వేసింది.

"నోరు ఎక్కడికి జారింది నాన్నా? చూపించు."

"అది అలంకారం కాదే, భాష!"

"చార్టులో మెటఫర్ కింద వస్తుంది."

భోజనాల బల్ల దగ్గర కోర్టు పెట్టాం. జడ్జి మా ఆవిడ. నా వాదన నేను వినిపించాను. తల తినకు అనకుండా, కాలు నిలవడం లేదు అనకుండా, చెవిన వేసుకో అనకుండా, కళ్ళు నెత్తికెక్కాయా అనకుండా, మొహం చెల్లడం లేదు అనకుండా తెలుగు ఇంట్లో ఒక పూట గడుస్తుందా? మన భాషలో ఒంట్లో ఉన్న ప్రతి అవయవమూ ఏదో ఒక పనిలో ఉంది. అవన్నీ తీసేస్తే నేను చేతి సైగలు చేసుకోవాలి.

మా ఆవిడ గ్లాసు కింద పెట్టి తీర్పు చెప్పింది. "అందరూ అనేవి అనుకోవచ్చు. కుర్చీకి కాళ్ళుండచ్చు, నోరు జారచ్చు. మీరు సొంతంగా తయారుచేసినవి మాత్రం లెక్క."

న్యాయం గెలిచింది. తీర్పు వినగానే ఆ సంతోషంలో, "నువ్వు జడ్జివి కాదే, సాక్షాత్తూ ధర్మగంటవి!" అన్నాను.

సొంతంగా తయారుచేసింది. ఒక గిన్నె.

నవంబర్ 10, ఆదివారం

మా అత్తగారు స్వెట్టర్ అల్లి పంపారు. నా కోసం, స్వహస్తాలతో. సాయంత్రం ఫోన్ చేశారు.

"అందిందా అల్లుడూ? ఎలా ఉంది?"

మా ఆవిడ పక్కనే ఉంది. అంపైరు ఎదురుగా ఉంది. పరీక్ష.

"అందిందండీ. ఎడమ చెయ్యి కుడిచేతి కంటే జానెడు పొడుగుంది. మెడలో తల పట్టలేదు."

అవతల టీవీ చప్పుడు ఆగిపోయింది.

"చూపు సరిగ్గా ఆనడం లేదు బాబూ ఈ మధ్య" అన్నారు. "ఒకసారి అమ్మాయికివ్వు ఫోను."

ఫోను మాట్లాడాక మా ఆవిడ నావైపు చూసింది.

"నేను అబద్ధం ఆడలేదు" అన్నాను.

"అబద్ధం ఆడద్దన్నాను. ఉన్న నిజాలన్నీ మా అమ్మ మీద కుమ్మరించమన్నానా?"

"కుమ్మరించడం మెటఫర్" అంది మా అమ్మాయి.

"నాకు రూల్సు లేవు" అంది వాళ్ళమ్మ.

ఈ రోజు గిన్నెలు సున్నా. మొదటిసారి! కానీ పడుకునేదాకా ఇంట్లో నాతో ఎవరూ మాట్లాడలేదు.

నవంబర్ 12

మా ఆవిడ కాఫీ తాగుతూ చెప్పింది. "పిత్తాశయంలో రాళ్ళున్నాయి. స్కాన్ చేయించాను. తీసెయ్యాలి. ఇరవై ఒకటో తారీఖు."

అంతే చెప్పింది. ఇంకోటి అడిగేలోపు కప్పు కడిగి డ్యూటీకి వెళ్ళిపోయింది.

కొన్ని నెలలుగా అన్నం తిన్నాక పక్కకి ఒరిగి కూర్చునేది. "ఏమైంది?" అంటే "కొంచెం నొప్పి" అనేది. కొంచెం అంటే కొంచెమే అనుకున్నాను. ఆమె మాట కదా. నేను చూసుకోవలసింది.

అత్తగారు సాయానికి రావాలి. మా ఆవిడ ఫోన్ చేసింది. స్పీకరులో వినపడింది. "నా చేతి అల్లిక నచ్చని ఇంట్లో నా చేతి వంట ఏం నచ్చుతుందే? ఎవర్నైనా పెట్టుకోండి."

పీకల మీదకి వచ్చింది. అందరూ అనేదే రాశాను, ఎర్ర పెన్ను గమనించగలరు.

నవంబర్ 13

ఓనరు పిలిచాడు. ఎదురుగా కుర్చీ చూపించలేదు.

"ఏమయ్యా, వారం రోజుల్లో ఒక్క పరుపు అమ్మలేదు. ఒకాయన నడుంనొప్పి పోతుందా అంటే నాకు తెలీదు అన్నావట?"

"నిజంగా నాకు తెలీదండీ."

"నాకు తెలుసేంటి? ఇరవయ్యేళ్ళుగా తెలుసన్నట్టే చెప్తున్నాం కదా! చూడు, నువ్వు నోరు తెరిస్తే జనం ఊరికే నిలబడి వినేవాళ్ళు. ఆ నోరు తీసుకురా. లేదంటే రేపట్నుంచి గోడౌన్లో ఉండు. అక్కడ ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు."

గోడౌన్! ఎనిమిది పరుపులు గుర్తొచ్చి పక్కటెముకలు పట్టుకున్నాను.

ఇంట్లో అర్జీ పెట్టుకున్నాను. వంటవాడికి ఉప్పు ఎలాగో సేల్స్‌మన్‌కి అతిశయోక్తి అలాగ. ఉద్యోగం పోతే ఆపరేషన్ ఎలా? అంపైరు ఆలోచించి అనుమతి ఇచ్చింది. షాపులో మాత్రమే. షట్టర్ తీసినప్పటి నుంచి వేసేవరకు.

ఇది నిర్ణయాన్ని వదిలెయ్యడం కాదు. సడలింపు.

ఎర్ర పెన్ను: "సడలింపు" యూఫెమిజం. చేదు మాటకి చక్కెర. "వంటవాడికి ఉప్పు" సిమిలీ. రెండు.

నవంబర్ 14

ఆహా! ఒక్క పూటలో మూడు పరుపులు! ఒక బామ్మగారితో, "అమ్మా, దీనిమీద పడుకుంటే మీ నడుము మీకు క్షమాపణ చెబుతుంది" అన్నాను. దిండ్లు కూడా కొన్నారు. ఓనరు టీ తెప్పించాడు, స్వయంగా గ్లాసు అందించాడు.

బస్సులో కండక్టరుతో కూడా కాస్త మాట్లాడాను. షాపు నుంచి ఇంటికి వచ్చే దారి షాపు కిందకే వస్తుంది కదా.

మా ఇంటి మెట్లు కూడా దారిలోవే.

ఎర్ర పెన్ను: గుమ్మం దగ్గర బూట్లు విప్పుతూ నాతో అన్నవి నేను రాసుకున్నాను. అయిదు గిన్నెలు.

నవంబర్ 15

షాపులో సడలింపు ఉంది కాబట్టి, అత్తగారికి షాపు నుంచే ఫోన్ చేశాను. తెలివి అంటే ఇదీ.

ముందు స్వెట్టర్ వేసుకున్నాను. మెడ దగ్గర మా కవర్లు కుట్టే టైలరు కాస్త కత్తిరించి పెట్టాడు. ఎడమ చెయ్యి మడత పెట్టాను.

"అత్తగారూ, మీ స్వెట్టర్ వేసుకొచ్చానండీ. షాపులోకి వచ్చినవాళ్ళు పరుపులు వదిలేసి నన్నే చూస్తున్నారు!"

ఇది అక్షరాలా నిజం.

"ఊఁ" అన్నారు.

"ఆ ఎడమ చెయ్యి పొడుగు ఎందుకో ఇప్పుడర్థమైందండీ. చలిలో చెయ్యి లోపలికి లాక్కుంటే గ్లవ్ అక్కర్లేదు. అంత ముందుచూపు ఎవరికుంటుందండీ? మీరు రాకపోతే మా ఇల్లు ఇల్లే కాదు. పొయ్యి అలిగింది. గిన్నెలు మీ పేరే కలవరిస్తున్నాయి."

"కొయ్యి బాబూ, కొయ్యి" అన్నారు అత్తగారు. గొంతులో నవ్వు. "ఆ రోజు నువ్వు పొడిపొడిగా మాట్లాడితే స్వెట్టర్ గురించి కాదు నా బాధ. అల్లుడికి నామీద కోపమొచ్చిందేమో అని రెండు రాత్రులు నిద్రపట్టలేదు. ఇప్పుడు నిమ్మళంగా ఉంది. ఇరవైన బయల్దేరతాను."

కోతలు కోసినందుకు నన్ను నమ్మిన మనిషిని మొదటిసారి చూశాను.

నవంబర్ 18

గిన్నెలు అయిపోయాయి. మా ఇంట్లో ఉన్నవన్నీ తోమినా ఇంకా నాలుగు బాకీ. మా అమ్మాయి పక్కింటావిడ దగ్గరికి వెళ్ళి, "ఆంటీ, మీ గిన్నెలు ఏమన్నా ఉంటే ఇస్తారా, మా నాన్న తోముతారు" అని అడిగి తెచ్చింది. అడుగంటిన కుక్కరు! పక్కింటావిడ రేపు కూడా పంపిస్తానంది.

ఇంత తోమినా ఇంట్లో నా మాటకి విలువ పెరిగిందా? తెలీదు. మా ఆవిడ వంటింట్లో డబ్బాలకి చీటీలు అంటిస్తోంది. ఉప్పు. చక్కెర. టీపొడి. పక్కన ఏది ఎంత వెయ్యాలో కూడా రాసింది. ఆపరేషన్ అయ్యాక వారంలో లేచి తిరుగుతుందన్నారు. ఏడాదికి సరిపడా రాసింది.

ఆసుపత్రి సంచీ సర్దుతూ ఒకే తువ్వాలు మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది.

"భయంగా ఉందా?" అన్నాను.

"లేదు."

ఏదో ఒకటి చెప్పాలి. అంపైరు చదువుకుంటూ వింటోంది. ఉన్నదే చెప్పాలి కాబట్టి ఉన్నదే చెప్పాను. "చిన్న ఆపరేషనే. మత్తు దిగాక కొంతమందికి వాంతులవుతాయట. చాలామందికి ఏమీ కాదు."

"నాకు తెలుసు" అంది. లైటు ఆపేసింది.

చాలామందికి ఏమీ కాదట! ఇదా భార్యతో మాట్లాడే తీరు? పరుపు కొనడానికి వచ్చినవాడితో ఇంతకంటే బాగా మాట్లాడతాను.

ఎర్ర పెన్ను: రెటారికల్ క్వశ్చన్. కానీ గిన్నె వెయ్యడం లేదు. నాక్కూడా భయంగా ఉంది నాన్నా.

నవంబర్ 21

ఆసుపత్రి. ఆమెని ఆకుపచ్చ గౌనులో మంచం మీద పడుకోబెట్టారు. నర్సు చేతికి బీపీ పట్టీ కడుతోంది. అత్తగారు తలదగ్గర, మా అమ్మాయి కాళ్ళ దగ్గర. పరుపు సన్నగా, పగుళ్ళతో ఉంది. నాలాంటివాడికి చూపించకూడని పరుపు.

మా ఆవిడ నా మణికట్టు పట్టుకుంది. ఆమె చెయ్యి చల్లగా ఉంది.

"ఏమన్నా చెప్పండి" అంది.

"డాక్టరు మంచివాడు. నలభై నిమిషాలు పడుతుందట."

"అలా కాదు. నాకు భయంగా ఉంది. నెంబర్లు నాకు తెలుసు, రోజూ చూసేవి అవే. మీరు మీలా మాట్లాడండి."

అంపైరు వైపు చూశాను. అది తల ఊపింది.

ఇంక ఆగుతానా! "నీకేమన్నా అయితే డాక్టరుకి మా షాపులో పదేళ్ళుగా అమ్ముడుపోని పరుపు అంటగడతాను. వాడి ఏడు తరాలకీ నడుంనొప్పి. నువ్వు లేకుండా ఇంటికెళ్తే ఫ్రిజ్ నాకు తలుపు తియ్యదు. కుక్కరు విజిల్ వెయ్యనని సత్యాగ్రహం చేస్తుంది. నీ చీటీలు డబ్బాల మీదనుంచి దిగొచ్చి, ఆవిడేదీ అని నన్ను నిలదీస్తాయి. నీ కడుపులో ఉన్నవి రాళ్ళేంటే, రత్నాలు! వాటిని తెచ్చి మన అమ్మాయికి నెక్లెస్ చేయిద్దాం..."

"ఛీ!" అంది మా అమ్మాయి.

"నువ్వు ఆ తలుపు లోపలికి వెళ్ళి మళ్ళీ బయటికి వచ్చేదాకా గడియారాలన్నీ ఆపించేస్తాను. ఊళ్ళో ఎవడూ ఆఫీసుకి వెళ్ళకూడదు, బస్సు కదలకూడదు, పిల్లలు కూడా పుట్టకుండా ఆగాలి!"

మా ఆవిడ నవ్వుతోంది. కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. "సార్, నవ్వించకండి, బీపీ తప్పు చూపిస్తోంది" అంది నర్సు. ఆవిడా నవ్వుతోంది.

"మీ మాటల్లో సగం కొట్టేయాలి కదండీ" అంది మా ఆవిడ, మంచం కదులుతుంటే. "సగం కొట్టేసినా చాలా మిగిలింది."

తలుపు మూసుకుంది.

ఎర్ర పెన్ను: ఈ పేజీ నేను దిద్దలేదు.

నవంబర్ 22

మా ఆవిడ బాగుంది. తీసేశారు. రాళ్ళు చిన్న సీసాలో వేసి ఇచ్చారు. రత్నాలు కావు.

ఆ నలభై నిమిషాలు గంటా పావు అయ్యాయి. కొంచెం భయమేసింది.

ఎర్ర పెన్ను: కొంచెమా? మంచినీళ్ళ మిషను దగ్గర గోడకి తల ఆనించి నిలబడ్డావు, అమ్మమ్మ చూసింది. అది లైటోటీస్ కూడా కాదు నాన్నా, అబద్ధం.

నవంబర్ 25

ఇంటికొచ్చేశాం. నిర్ణయం సంగతి ఎవరూ ఎత్తడం లేదు. నేనూ ఎత్తడం లేదు. ఆపరేషన్ జరిగిన ఇల్లు, పథ్యం, మందులు. ఇలాంటప్పుడు వ్రతాలకి మినహాయింపు ఉంటుంది. డైరీ రాయడానికి కూడా తీరిక లేదు. పెన్ను కూడా సరిగ్గా రాయడం లేదు.

చార్టు మీద ఎవరో సూపు ఒలకబోశారు. హైపర్బొలీ కనపడటం లేదు. నేను కాదు.

నవంబర్ 27. సాయంత్రం

ముందు ఇది రాసేయాలి.

షాపుకి ఒక పోస్ట్‌మాన్ వచ్చాడు. నడిచి నడిచి నడుము పోయిందట. బూట్లు విప్పించి, పడుకోబెట్టి, అయిదు నిమిషాలు మాట్లాడవద్దన్నాను. కళ్ళు మూసుకున్నాడు. అప్పుడే ఫోను. మా ఆవిడ.

"తొందరగా రండి. చచ్చిపోతున్నా."

నేను ఏమీ అడగలేదు. జ్వరం నూటరెండు ఉంటే నూటరెండు అనే మనిషి. నొప్పితో మెలికలు తిరుగుతూ కూడా కొంచెం అనే మనిషి. ఆమె చచ్చిపోతున్నానంటే ఇంక అడిగేదేముంది? బూట్లు తొడుక్కుని పరిగెత్తాను. ఓనరు ఏదో అరిచాడు. బస్సు కోసం ఆగలేదు. మార్కెట్ మలుపు దగ్గర పడ్డాను, లేచాను. మా మెట్లు ఎలా ఎక్కానో తెలీదు.

తలుపు తీసే ఉంది. ఆమె మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చుంది. ఎదురుగా టీవీలో ఒకడు కేకు మీద క్రీము పూస్తున్నాడు.

"రిమోటు మంచం కింద పడింది" అంది. "కుట్లతో వంగలేను. అమ్మ మందుల షాపుకెళ్ళింది. గంట నుంచి వాడు కేకుల మీద కేకులు చేస్తున్నాడు. నాకేమో పొద్దునా సాయంత్రం సూపు. చచ్చిపోతున్నా అన్నాను... తప్పా?"

గుమ్మం పట్టుకుని అరిచాను. "అలా ఎవరన్నా అంటారా! నా ప్రాణాలు పైకే పోయాయి! గుండె ఆగిపోయి..."

"ఆ బూట్లు ఎవరివండీ?"

కిందికి చూశాను. నల్లవి. పెద్దవి. లోపల నా పాదాలు ఈదుతున్నాయి.

"పోస్ట్‌మాన్‌వి."

ఆమె నవ్వడం మొదలుపెట్టింది. పొట్టకి దిండు అదుముకుని, అమ్మా, కుట్లు, అంటూ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది. కాసేపు ఆ బూట్లనే చూసింది.

"ఒక్క ప్రశ్న కూడా అడగలేదు మీరు" అంది.

"చచ్చిపోతున్నానన్నావు కదా."

"ఆ రోజు మీరూ అన్నారు. ఎనిమిది పరుపుల కింద రెండు గంటలున్నారు. నేను పాల పాకెట్ తెమ్మన్నాను." దిండు అంచు లాగుతూ కూర్చుంది. "అబద్ధమనే అనుకున్నా. అయినా నేను రావలసింది."

ఏడ్చాను. కళ్ళజోడు తీసి పక్కన పెట్టి మరీ ఏడ్చాను. తరవాత మంచం కిందకి దూరి రిమోటు తీశాను.

ఎర్ర పెన్ను: ఏడ్చిన దాంట్లో అలంకారం లేదు. అమ్మ సాక్షి.

నవంబర్ 28, గురువారం. ఉదయం

మళ్ళీ మొదలు!

కుటుంబ కోర్టు నిన్న ఇంకో తీర్పు ఇచ్చింది. చార్టులో ఉన్నవన్నీ వదిలెయ్యడం నా వల్ల కాదు, నేను వదిలేస్తే ఇంట్లోవాళ్ళ వల్ల కూడా కాదని తేలింది. అత్తగారు ప్రత్యేకంగా సాక్ష్యం చెప్పారు. అందుకని కొత్త నిర్ణయం చిన్నది. ఒకే ఒక్క మాట నిషేధం: "చచ్చిపోతున్నా." ఇద్దరికీ. నిజంగా ఆ పని మీద ఉంటేనే అనాలి. అన్నప్పుడు రెండోవాళ్ళు ఏ ప్రశ్నా అడగకుండా రావాలి, ఎవరి బూట్లయినా సరే.

నిన్నటిది మా ఆవిడ ఖాతాలో ఒక గిన్నె. ఆమె వంగకూడదు కాబట్టి అదీ నేనే తోమాను. మంచం మీద నుంచే, "అడుగున మరక అలాగే ఉంది" అని రిపోర్టు ఇచ్చింది.

ఈసారి పక్కా. ఆ మాట ఇంక నా నోట రాదు.

ఇప్పుడే ఓనరు ఫోన్ చేశాడు. పోస్ట్‌మాన్ నిన్న షాపు మూసేదాకా పరుపు మీదే నిద్రపోయాడట. లేచి ఆ పరుపే కొన్నాడట. నా బూట్లు అతనికి పట్టక మేజోళ్ళతో ఇంటికెళ్ళాడట. పొద్దున్న ఉత్తరాల సంచీతో షాపు ముందు నిలబడ్డాడట, నిన్నటి మేజోళ్ళతోనే. ఊళ్ళో సగం ఉత్తరాలు ఆగిపోయాయట.

అతని బూట్లు తీసుకుని వెళ్తున్నా. ఈ రోజు ఓనరు నన్ను చంపేస్తాడు.

ఎర్ర పెన్ను: చంపెయ్యడం చచ్చిపోవడం లెక్కలోకే వస్తుంది. ఒక గిన్నె.

ఆ కింద నీలం పెన్నుతో, ల్యాబు రిపోర్టులాంటి అక్షరాలతో: నిజంగా చంపితే ఫోన్ చెయ్యండి, వస్తాను. చంపకపోతే పాల పాకెట్ తీసుకురండి.